బండి షెడ్డు ఎంత ఎత్తు?

శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇవన్నీ ఉద్దానం ఊళ్లే. ఎటు చూసినా కొబ్బరి చెట్లు, జీడి తోటలు.

అక్కడ ఒక ఊళ్లో ఒక ఇల్లు. ఇంట్లో అత్త, కోడలు, కొడుకు ఉంటారు. కొడుకు ట్రాలీ ఆటో నడుపుతాడు. తోటల్లో కొబ్బరికాయలు ఎత్తుకొని వ్యాపారి దగ్గర దించి వస్తాడు. కోడలు జీడిపప్పు ఒలిచే పనికి పోతుంది. రాత్రిపూట చదువు కేంద్రానికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంది. ఆమె వెంట అత్త కూడా వెళ్లింది. అత్తకు అక్షరాల కన్నా అంకెలు ముందు వచ్చాయి. సంతలో ముప్పై ఏళ్లు బేరం చేసిన మనిషి మరి!

బండి అప్పు మీద కొన్నది. దానికి నీడ లేదు. పగలు ఎండ, రాత్రి మంచు. దానికి తోడు సముద్రపు ఉప్పు గాలి. ఉప్పు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. బండి తలుపుల కింద అప్పుడే ఎర్రగా తుప్పు లేచింది. అందుకని పొదుపు సంఘంలో కొంత అప్పు తీసుకొని రేకుల షెడ్డు వేయాలని అనుకున్నారు.

షెడ్డు అనగానే అత్తకు గుండె గుభేలుమంది. కారణం ఉంది.

పోయిన షెడ్డు కథ

ఆ ఇంటికి ముందు ఒక షెడ్డు ఉండేది. అప్పట్లో వాళ్లకు మనుషులను ఎక్కించుకునే ఆటో ఉండేది. దాని ఎత్తు అయిదున్నర అడుగులు. షెడ్డు మాత్రం 12 అడుగుల ఎత్తున వేశారు. ఎందుకు? "రేపు లారీ కొంటే లారీ కూడా పట్టాలి" అని ఎవరో అన్నారు. ఇంటి ముందు ఎత్తుగా ఉంటే అందంగా కూడా ఉంటుంది అన్నారు.

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో గాలి కొట్టింది. కొబ్బరి చెట్లు విరిగాయి. జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. ఆ ఇంటి షెడ్డు రేకులు లేచిపోయాయి. ఒక రేకు రెండు తోటల అవతల దొరికింది. స్తంభాలు వంగిపోయాయి.

రేకులు పోయాయి. రేకుల అప్పు పోలేదు. లేని షెడ్డుకు ఇంకో రెండేళ్లు వాయిదాలు కట్టారు.

పెద్ద తుఫానుకు పల్లపు షెడ్లు కూడా కొన్ని పోయాయి. అది నిజమే. కానీ ఎత్తయిన షెడ్డుకు గాలి దెబ్బ ఎక్కువ. గొడుగు పట్టుకొని గాలిలో నడిచినవాళ్లకు ఈ సంగతి తెలుసు. గొడుగును తలకు దగ్గరగా పట్టుకుంటే చెయ్యి ఆపగలదు. చెయ్యి చాచి పైకెత్తి పట్టుకుంటే గాలి దాన్ని లాగేస్తుంది. నాలుగు వైపులా తెరిచి ఉన్న షెడ్డు కూడా గొడుగు లాంటిదే. గాలి కింద నుంచి దూరి రేకును పైకి ఎత్తుతుంది. స్తంభం ఎంత పొడవైతే మొదట్లో అంత బరువు పడుతుంది. పైగా ఎత్తు చూరు కింద నుంచి వాన జల్లు లోపలికి కొడుతుంది. షెడ్డు ఉన్నా బండి తడుస్తుంది.

"ఈసారి ఆరున్నర అడుగులే వేసేద్దాం. గాలికి దొరకదు" అన్నాడు కొడుకు.

"మరీ పల్లం చేస్తే బండి దూరుద్దా?" అంది కోడలు.

"మన బండి ఆరడుగులే కదా!"

"ఎవరు కొలిచారు?"

కొడుకు దగ్గర జవాబు లేదు. పక్క వీధిలో ఒకాయన ఇలాగే కంటితో చూసి షెడ్డు వేశాడు. బండి మీద పట్టా కట్టే ఇనప ఫ్రేము దూలానికి తగిలి ఒంగింది. ఆ షెడ్డులో ఇప్పుడు మేకలు ఉంటున్నాయి. బండి బయటే ఉంటోంది.

కొలత మొదలు

కోడలు టేపు తెచ్చింది. టేపు మీద రెండు అంచులు ఉంటాయి. ఒక అంచున అంగుళాలు, అడుగులు. రెండో అంచున సెంటీమీటర్లు. 12 అంగుళాలు ఒక అడుగు. 100 సెంటీమీటర్లు ఒక మీటరు. ఏ అంచు చూస్తున్నామో ముందు గుర్తు పెట్టుకోవాలి.

అత్త టేపు పట్టుకోలేదు. ఆమెకు ఆమె లెక్క ఉంది. బెత్తెడు అంటే 3 అంగుళాలు. జాన అంటే 9 అంగుళాలు. మూర అంటే ఒకటిన్నర అడుగు. బార అంటే 6 అడుగులు. ఈ కొలతలు తప్పు కావు. కానీ మనిషికీ మనిషికీ చెయ్యి తేడా ఉంటుంది. అత్త జానను కోడలు టేపుతో కొలిచి చూసింది. సరిగ్గా 9 అంగుళాలే వచ్చింది. అత్త చాలా సంతోషించింది.

ముందు రోజు సాయంత్రం కొడుకు బండిని ఒకసారి కొలిచాడు. అప్పుడు బండి నిండా కాయలున్నాయి. ఇనప ఫ్రేము కొస వరకు 6 అడుగుల 6 అంగుళాలు వచ్చింది. ఉదయం ఖాళీ బండిని కోడలు కొలిచింది. 6 అడుగుల 8 అంగుళాలు వచ్చింది.

"నీ టేపు తప్పు" అన్నాడు కొడుకు.

టేపు తప్పు కాదు. బండి కింద కమాన్ పట్టీలు ఉంటాయి. బరువు పడితే అవి అణుగుతాయి, బండి కిందికి దిగుతుంది. బరువు తీసేస్తే పైకి లేస్తుంది. అంటే ఖాళీ బండే ఎత్తు. షెడ్డులోకి రాత్రి వచ్చేది ఖాళీ బండే కదా! అందుకే ఖాళీ బండిని కొలవాలి. చక్రాల్లో గాలి నిండుగా ఉన్నప్పుడు కొలవాలి. అన్నిటి కన్నా పైన ఏది ఉందో అక్కడి వరకు కొలవాలి. క్యాబిన్ కప్పు వరకు కొలిస్తే 6 అడుగుల 1 అంగుళమే వచ్చేది. ఫ్రేముతో కలిపితే 6 అడుగుల 8 అంగుళాలు. ఆ 7 అంగుళాలే పక్క వీధి ఆయన షెడ్డును మేకల పాక చేశాయి.

కోడలు ఒక వెదురు కర్ర తెచ్చింది. బండి పక్కన నిలబెట్టి, ఫ్రేము ఎత్తున కత్తితో గాటు పెట్టింది. టేపు మీద అంకె మరిచిపోయినా కర్ర మీద గాటు మరిచిపోదు.

బండి మీద ఎంత జాగా వదలాలి?

బండి ఎత్తుకు సరిసమానంగా షెడ్డు వేయకూడదు. వీధి గట్టు ఎక్కేటప్పుడు బండి ముందు చక్రాలు పైకి లేస్తాయి. అప్పుడు ముందున్న ఫ్రేము కూడా లేస్తుంది. గుంటలో పడి లేస్తే ఇంకా ఎగురుతుంది. కనుక కొంత ఖాళీ ఉండాలి.

"ఒక అడుగు వదులుదాం" అంది కోడలు. 6 అడుగుల 8 అంగుళాలకు 1 అడుగు కలిపితే 7 అడుగుల 8 అంగుళాలు.

ఇక్కడ చాలామంది ఒక సంగతి మరిచిపోతారు. ఇప్పుడు కింద మట్టి నేల. తరవాత చేతిలో డబ్బులుంటే సిమెంటు చప్టా పోస్తారు. చప్టా మందం 4 అంగుళాలు అనుకుందాం. నేల 4 అంగుళాలు పైకి వస్తుంది. రేకు మాత్రం పైకి పోదు. ఉన్న ఖాళీలో 4 అంగుళాలు పోతాయి. అందుకని ఆ 4 అంగుళాలు ముందే కలపాలి. 7 అడుగుల 8 అంగుళాలు, 4 అంగుళాలు. మొత్తం 8 అడుగులు.

ఈ 8 అడుగులు ఎక్కడి నుంచి ఎక్కడికి? నేల నుంచి రేకుకా? కాదు. రేకు కింద అడ్డగొట్టం ఉంటుంది. బండికి ముందు తగిలేది అదే. నేల నుంచి అడ్డగొట్టం అడుగు వరకు లెక్క. అది కూడా షెడ్డులో పల్లం వైపున. ఎత్తు వైపున కొలిచి "చాలా ఉంది" అనుకుంటే మోసపోతాం.

అత్త ఇంకో ప్రశ్న వేసింది.

"నాను బండెక్కి బుట్టలు అందుకుంతాను. నా తల తగలదేటి?"

మంచి ప్రశ్న. మగవాళ్లకు తోచని ప్రశ్న. బండి తొట్టి అడుగు నేలకు 2 అడుగుల 3 అంగుళాల ఎత్తున ఉంది. అత్త ఎత్తు 5 అడుగులు. రెండూ కలిపితే 7 అడుగుల 3 అంగుళాలు. షెడ్డు కింద నిలబడితే తల తగలదు కానీ, నెత్తి మీద బుట్ట పట్టదు. బుట్ట కోసమని షెడ్డును 10 అడుగులు చేస్తే మళ్లీ గాలి భయం. చివరికి ఎగుమతి, దిగుమతి షెడ్డు బయటే చేద్దామని అనుకున్నారు. అత్త అందుకు పూర్తిగా ఒప్పుకోలేదు. వానాకాలంలో ఎలాగని సణిగింది. ఆమె మాటలో న్యాయం ఉంది. కానీ అన్నీ ఒక్క షెడ్డులో కుదరవు.

వాలు లెక్క

రేకుల కప్పు చదునుగా ఉండకూడదు. వాలు లేకపోతే నీళ్లు నిలుస్తాయి. రేకు అతుకుల్లో నుంచి కారుతాయి. అడుగుకు 2 అంగుళాల వాలు పెడదామన్నాడు వెల్డింగు మేస్త్రీ.

బండి వెడల్పు 5 అడుగులు. రెండు వైపులా తలుపు తీసి దిగాలి. దానికి రెండున్నర అడుగుల చొప్పున 5 అడుగులు. షెడ్డు వెడల్పు 10 అడుగులు. అడుగుకు 2 అంగుళాలు అంటే 10 అడుగులకు 20 అంగుళాలు. 20 అంగుళాలంటే 1 అడుగు 8 అంగుళాలు. పల్లం వైపు కన్నా ఎత్తు వైపు అంత ఎక్కువ ఉండాలి. వాన జల్లు ఎక్కువగా ఎటు నుంచి కొడుతుందో అటు పల్లం చూరు పెట్టాలి. ఆ ఇంటికి అది తూర్పు వైపు.

పైన కరెంటు తీగ ఉందేమో కూడా చూడాలి. ఆ ఇంటి మీదికి వచ్చే తీగ ఎత్తు వైపు రేకుకు దగ్గరగా వేలాడుతోంది. ఇనప రేకుకు తీగ తగిలితే ప్రాణాలకే ముప్పు. లైన్‌మాన్‌ను పిలిచి తీగను పక్కకు మార్పించాకే గుంటలు తవ్వారు. తీగను వాళ్లు ముట్టుకోలేదు.

గొట్టం చెప్పిన లెక్క

స్తంభాలకు ఇనప గొట్టాలు కొనాలి. షాపులో గొట్టం పొడవు 6 మీటర్లు ఉంటుంది. అడుగుల్లో 19 అడుగుల 8 అంగుళాలు. చాలామంది "20 అడుగుల గొట్టం" అంటారు. 4 అంగుళాలు తక్కువే.

పల్లం వైపు మూడు స్తంభాలు. నేల పైన 8 అడుగులు, నేల లోపల సిమెంటు కాంక్రీటులో 2 అడుగులు. ఒక్కో స్తంభానికి 10 అడుగులు కావాలి. కానీ ఒక గొట్టాన్ని సగానికి కోస్తే 9 అడుగుల 10 అంగుళాలే వస్తుంది. 2 అంగుళాలు చాలవు. ఆ 2 అంగుళాల కోసం మూడు స్తంభాలకు మూడు గొట్టాలు కొనాలి. సగానికి కోస్తే రెండు చాలు.

"గుంటలో రెండంగుళాలు తగ్గించేద్దాం చెల్లీ. ఎవరికి కనపడతాది?" అన్నాడు మేస్త్రీ.

"గాలికి కనపడతాది అన్నా" అంది కోడలు. తిత్లీలో వంగిన స్తంభాలు ఆమె మరిచిపోలేదు. నేల లోపల 2 అడుగులు అలాగే ఉంచమంది. బండి మీద ఖాళీలో 2 అంగుళాలు తగ్గించింది. 12 అంగుళాలకు బదులు 10 అంగుళాలు. స్తంభం నేల పైన 7 అడుగుల 10 అంగుళాలు అయింది. ఎత్తు వైపు స్తంభం దానికి 1 అడుగు 8 అంగుళాలు ఎక్కువ. అంటే 9 అడుగుల 6 అంగుళాలు. లోపలి 2 అడుగులు కలిపితే 11 అడుగుల 6 అంగుళాలు. మిగిలిన ముక్కలు 8 అడుగుల పైన ఉన్నాయి. స్తంభానికీ స్తంభానికీ మధ్య 8 అడుగులే కనుక అవి అడ్డగొట్టాలకు పనికొచ్చాయి.

(షట్టరు పెట్టే గదికి ఇంకో లెక్క ఉంది. షట్టరు పైకి చుట్టుకుంటే ఆ చుట్ట సుమారు అడుగు జాగా తీసుకుంటుంది. గుమ్మం పైన ఆ జాగా విడిగా ఉండాలి. లేకపోతే చుట్ట గుమ్మంలోకే దిగుతుంది.)

9.10 అంటే ఎంత?

మేస్త్రీ గోడ మీద సుద్దతో 9.10 అని రాశాడు. 9 అడుగుల 10 అంగుళాలని ఆయన ఉద్దేశం. తరవాత టీ తాగడానికి వెళ్లాడు. సహాయానికి వచ్చిన కుర్రాడు గొట్టం మీద గుర్తు పెట్టడం మొదలుపెట్టాడు. సుద్ద గీతలో చివరి సున్నా చెరిగిపోయింది. కుర్రాడికి అది 9.1 లాగా కనపడింది. 9 అడుగుల 1 అంగుళం దగ్గర గీత గీశాడు. కటింగు మిషను చేతిలోకి తీసుకున్నాడు.

కోడలు గొట్టం దగ్గరకు వచ్చింది. టేపు ఇంకా గొట్టం మీదే ఉంది. గీత దగ్గర అంకె చదివింది.

"తమ్ముడూ, ఆగు! ఇది తొమ్మిదడుగుల ఒక్క అంగుళమే."

"మేస్త్రీ రాసింది అదేనప్పా. గోడ మీద సూడు."

ఆమె గోడ మీద చూసింది. చెరిగిన సున్నా చూసింది. 10 అంగుళాలకూ 1 అంగుళానికీ తేడా 9 అంగుళాలు. స్తంభం 9 అంగుళాలు తగ్గితే బండి మీద ఖాళీ 10 అంగుళాల్లో ఎంత మిగులుతుంది? ఒక్క అంగుళం. చప్టా పోసిన మొదటి రోజే ఫ్రేము తగిలేది. ఇనుము కోశాక అతికించవచ్చు. కానీ అతుకు స్తంభం తుఫానుకు ఆగదని అత్త అప్పటికే కేకలు మొదలుపెట్టింది.

కోడలు సుద్ద తీసుకుంది. 9.10 చెరిపేసింది. "9 అడుగుల 10 అంగుళాలు" అని అక్షరాలతో రాసింది. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. కుర్రాడు చదివి గీత మార్చాడు. మేస్త్రీ తిరిగొచ్చి గోడ వైపు కాసేపు చూశాడు. మిగతా కొలతలు కూడా ఆమెనే రాయమన్నాడు. అప్పటి దాకా ఆయన ఏ కొలత చెప్పినా కొడుకు వైపు చూసి చెప్పేవాడు.

ఆయన కొన్ని కొలతలు మీటర్లలో చెప్పాడు. అడుగుకు 30 సెంటీమీటర్లని నోటి లెక్క చెబుతారు. నిజానికి అడుగుకు 30 సెంటీమీటర్ల మీద దాదాపు అర సెంటీమీటరు ఉంది. ఒక అడుగుకు అది పెద్ద తేడా కాదు. 8 అడుగులకు దాదాపు 4 సెంటీమీటర్లు తేడా వస్తుంది. అంటే ఒకటిన్నర అంగుళం. అందుకని కోడలు నోటి లెక్క వేయలేదు. టేపును అదే చోట పట్టుకొని రెండో అంచున ఎంత ఉందో చదివింది. 7 అడుగుల 10 అంగుళాల దగ్గర ఆ అంచున 239 సెంటీమీటర్లు ఉంది. రాసుకుంది.

నాలుగు రోజుల్లో షెడ్డు లేచింది. 12 అడుగుల రేకులు వేశారు. రేకు అంచుల్లో హుక్కు బోల్టులు దగ్గర దగ్గరగా బిగించారు. గాలి మొదట పట్టుకొని లాగేది అంచులనే. ఈ బోల్టులకు కొంచెం ఎక్కువ ఖర్చయింది. అత్త ఒక్క మాట కూడా అనలేదు.

చప్టా వెంటనే పోయలేదు. కొబ్బరి డబ్బులు వచ్చాక పోశారు. సిమెంటు బాగా గట్టిపడే దాకా ఆగి బండిని లోపలికి తెచ్చారు. కొడుకు నెమ్మదిగా నడిపాడు. కోడలు వెదురు కర్ర పట్టుకొని ముందు నడిచింది. గట్టు దగ్గర బండి కొంచెం ఎగిరింది. తగల్లేదు.

అత్త బండి తొట్టిలోకి ఎక్కింది. ఫ్రేముకూ అడ్డగొట్టానికీ మధ్య జాన పెట్టింది. జాన పట్టింది. దాని మీద ఒక బొటనవేలు పట్టింది.

"జానెడు, ఒక అంగుళం" అంది అత్త.

మరుసటి ఆదివారం పక్క వీధి ఆయన భార్య వచ్చింది. మేకల పాకను మళ్లీ బండి షెడ్డు చేయాలట. వెదురు కర్ర ఒకసారి ఇమ్మని అడిగింది.

"ఆ గాటు మా బండిదమ్మా. మీ బండికి ఫ్రేము ఎంతుందో ఏటో" అంది కోడలు. లోపలికి వెళ్లి టేపు తెచ్చి ఇచ్చింది.